దస్తగిరి సార్ గొంతు

డబ్బింగ్ పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కనిపించినవాళ్ళంతా నన్ను అడిగేది ఒక్కటే. ఫలానా హీరోయిన్‌కి గొంతు ఎవరిచ్చారు? ఆ ముచ్చట్లు ఇక్కడ ఉండవు. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు సీతాఫల్‌మండిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. గొంతు కాపాడుకోవడానికి వేన్నీళ్ళు తాగాలా, పెరుగు మానాలా అని అడుగుతారు. పెరుగు శుభ్రంగా తినండమ్మా, ఏమీ కాదు. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీకు తట్టడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను చేసింది డబ్బింగ్ ఇన్‌ఛార్జి పని. సినిమా తీయడం అయ్యాక ప్రతి పాత్రకూ తగిన గొంతు వెతకాలి. ఆ గొంతున్న మనిషిని మైకు ముందు నిలబెట్టి, తెర మీద పెదవులకు మాట అతికేదాకా చెప్పించాలి. ముంబయి నుంచి వచ్చిన నటుడు సెట్లో ఏ భాషలో ఏం గొణిగినా, హాల్లో మీకు కమ్మటి తెలుగు వినిపిస్తోందంటే అది మా వాళ్ళ చలవ. మా పేర్లు తెర మీద పడే వేళకి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

మూర్తిగారి తిట్లు

పని నేర్పింది మూర్తిగారనే సౌండ్ ఇంజనీరు. పరమ కోపిష్ఠి. తప్పు చేస్తే చేతిలో ఉన్న కాగితాలు మొహాన కొట్టేవారు. చేరిన కొత్తలో ఒక ముసలి పోస్ట్‌మాన్ పాత్రకి నేను వణికే గొంతొకటి తెచ్చి గొప్పగా వినిపించాను. ఆయన టేపు ఆపించి, "ముసలివాళ్ళంతా వణుకుతారా? మీ తాత వణికాడా?" అన్నారు. మా తాత మంచం పట్టాక కూడా వీధి మొగదల ఉన్నవాడికి వినపడేలా తిట్టేవాడు.

"గొంతు పెదవికి అతకడం ఎవడైనా చేస్తాడు, మనిషికి అతకాలి," అన్నారు మూర్తిగారు. అప్పటినుంచీ నాకో అలవాటు పడింది. నిజంగా బతికిన మనిషి పాత్ర వస్తే, ఆ మనిషి మాటలు చెవులారా విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేసి, వెళ్ళి కలిసి వచ్చేదాన్ని. నిర్మాతలకు ఇదో పిచ్చిగా కనిపించేది. ఆటో ఖర్చులు నేనే పెట్టుకునేదాన్ని గనక ఊరుకునేవారు.

యాసల సంగతి కూడా చెప్పాలి. మా రోజుల్లో హీరో ఏ ఊళ్ళో పుట్టినా కోస్తా మాటే మాట్లాడాలి. మా తెలంగాణ మాట రౌడీకీ, వాచ్‌మన్‌కీ, ఇంట్లో అంట్లు తోమే ఆమెకీ. అది విని విని నా చెవులు కాయలు కాశాయి. ముస్లిం పాత్రకైతే సినిమావాళ్ళు ఏకంగా కొత్త భాషే పుట్టించారు. నిమ్కీ, హమ్కీ, అరే భాయ్, తోబా తోబా. ఆ భాష ఈ భూమ్మీద ఎవరు మాట్లాడతారో నాకైతే తెలియదు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగాను, మా గల్లీలో సగం ఇళ్ళు ముస్లింలవే. ఒక్కరి నోటా నేను వినలేదు.

సాహిత్య మండలి సినిమా

నేను పని మానడానికి ముందు ఒక సినిమా వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు సికింద్రాబాద్‌లో ఒక బట్టల దుకాణం మేడ మీద ఆదివారాలు కలుసుకునే కవుల కథ. పద్యాలు చదువుకోవడం, పోట్లాడుకోవడం, చాయ్ తాగడం, మళ్ళీ చదువుకోవడం. అందులో ఉన్నవాళ్ళు నిజంగా బతికినవాళ్ళు. వాళ్ళలో ఒకాయన షేక్ దస్తగిరి, బడిలో తెలుగు చెప్పే సార్.

దర్శకుడి పేరు రాయను. చిన్న వయసు, నెమ్మదస్తుడు. నేను పేర్లు కూడా వినని పుస్తకాలు చదివినవాడు. మొదటి రోజే నాకు చాయ్ తెప్పించి, ఈ సినిమాలో అన్ని కులాలూ అన్ని మతాలూ ఉంటాయి మేడమ్, ఇలాంటిది తెలుగులో ఎవరూ తీయలేదు అన్నాడు. నాకు నిజంగా సంతోషమేసింది. సినిమా మొత్తానికి ప్రాణం దస్తగిరి సార్ రాసిన ఒక పద్యమే అని కూడా చెప్పాడు. ఆ రోజుల్లో రైల్వే స్టేషన్‌లో హిందువులకో నీళ్ళ కుండ, ముస్లిములకో కుండ విడివిడిగా ఉండేవట. ఆ రెండు కుండల మధ్య నిలబడి ఎటు వెళ్ళాలో తెలియక ఏడుస్తున్న ఒక పసివాడిని చూసి ఆయన రాసిన ఆటవెలది అది. చివరి పాదం నాకు వెంటనే నోటికి వచ్చేసింది. "నీటికేది జాతి నిలిచి తాగ."

ఆ పద్యం దర్శకుడికి ఇచ్చింది దస్తగిరి సార్ కూతురు నూర్జహాన్ టీచర్. మల్కాజ్‌గిరిలో ఉంటారు, ఎనభై దాటాయి. ఆవిడ కూడా తెలుగు చెప్పే రిటైరయ్యారు. నా అలవాటు ప్రకారం వెళ్ళి కలిశాను. నేను వెళ్ళేసరికి చాట ముందు పెట్టుకుని చింతచిగురు ఏరుతున్నారు. నన్ను కూర్చోమని నాకూ కాస్త ఏరడానికి ఇచ్చారు.

మీ నాన్నగారు ఎలా మాట్లాడేవారు అని అడిగాను. మెల్లగా మాట్లాడేవారట. ఇంట్లో అందరితో తెలుగే. నమాజుకు పోయి వచ్చి, ధోవతి సర్దుకుని, అరుగు మీద పద్యం షురూ చేస్తే గల్లీ చివరిదాకా వినపడేదట. ఆవిడ బడికి పోయే వయసులోనే ఆయన పోయారు. రికార్డు చేసిన గొంతు ఎక్కడా లేదు.

"మొఖం యాదికున్నది బిడ్డా," అన్నారు చాట పక్కన పెట్టి. "గొంతే యాదికి వస్తలేదు ఈ నడుమ. ఎంత తన్లాడినా వస్తలేదు. సినిమాల ఆ పద్యం ఆయన నోట ఒక్కసారి వింటే చాలు నాకు."

ఆ పని నాది అని మాటిచ్చాను. ఇంటికి వచ్చే దారంతా యాకూబ్ గురించే ఆలోచించాను.

యాకూబ్

యాకూబ్ మా సీతాఫల్‌మండివాడే. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రిది టైలర్ పని. గుంపు గొంతుల్లో చాలా ఏళ్ళు చేశాడు. గుంపు గొంతులంటే సంతలో అరుపులు, పెళ్ళిలో గోల, హీరో ఇల్లు తగలబడితే నీళ్ళు నీళ్ళు అనే కేకలు. మనిషికి ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ ఒక్క పేరున్న పాత్ర రాలేదు. లోతైన గొంతు, తొందర లేని మాట. దస్తగిరి సార్‌కి నీ గొంతే అని చెప్తే, "నిజంగనా అక్కా?" అన్నాడు.

మైకు ముందు నిలబెట్టాం. మాట లేకుండా సీన్ ఒకసారి పూర్తిగా చూశాడు. తర్వాత చెప్పాడు. కాగితం మీద ఉన్న నాలుగు మాటలే, మండలిలో ఇంకొక కవితో ఛందస్సు మీద వాదన. కానీ బోర్డు దగ్గర కూర్చున్న సౌండ్ కుర్రాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి తలెత్తారు. దర్శకుడు గడ్డం గోక్కుంటూ, బాగుంది గానీ ముస్లింలా లేదు అన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఆయన ముస్లిమే బాబూ అన్నాను.

"ఆయన సరే మేడమ్," అని దర్శకుడు మర్యాదగా నవ్వాడు. "గొంతు కాదుగా."

చోద్యం కాకపోతే ఏమిటిది? మైకు ముందు నిలబడ్డ మనిషి దర్గాకి మొక్కి, పొద్దున నమాజు చేసి వచ్చాడు. వాడి గొంతు మాత్రం ముస్లిం కాదట. మరి ఎలా కావాలి అని అడిగితే దర్శకుడు కాస్త సిగ్గుపడుతూనే చెప్పాడు. కాగితం మీద రాసినవి ఊరికే విషయం కోసం రాసినవి, పలికేటప్పుడు కొంచెం హిందీ కలిపి, కొంచెం తప్పులు పోయించి చెప్పాలి. అలా మాట్లాడకపోతే ఆయన ముస్లిం అని చూసేవాడికి ఎలా తెలుస్తుంది మేడమ్ అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. టోపీ పెట్టారుగా, కళ్ళకి సుర్మా దిద్దారుగా, ధోవతి కట్టే మనిషికి గళ్ళ లుంగీ చుట్టారుగా, ఇంకా తెలియదా అన్నాను. ఆయన తెలుగు సార్ నాయనా, పిల్లలకు వ్యాకరణం చెప్పినాయన, ఆయన నోట తప్పులు ఎలా పోయిస్తావు అన్నాను. గొంతు పెరిగింది నాది. దర్శకుడు మాత్రం తగ్గలేదు, తిట్టలేదు కూడా. డబ్బింగ్‌కి ముందే కొందరికి సినిమా చూపించామనీ, సెట్లో చెప్పించిన మాటలకే ఆ పాత్ర దగ్గర జనం నవ్వారనీ, ఆ నవ్వులు లేకపోతే మిగతా సినిమా బరువైపోతుందనీ ఓపికగా చెప్పాడు.

యాకూబ్ ప్రయత్నించాడు. పాపం, మంచి మనసుతో ప్రయత్నించాడు. రానిది ఎక్కడి నుంచి తెస్తాడు? చివరికి విజయవాడ నుంచి సుబ్బారావు అనే మిమిక్రీ కళాకారుణ్ణి పిలిపించారు. అతనూ మంచివాడే, చెప్పిన పని చేసేవాడు. వచ్చీ రాగానే, "అరే భాయ్, నిమ్కీ పద్యం హమ్కీ బహుత్ అచ్ఛా లగా," అని మొదలుపెట్టాడు. దర్శకుడు కళ్ళు మూసుకుని విని, ఇదీ నేచురల్ అంటే అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. మెట్ల మీద యాకూబ్ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కోపం చేస్తాడనుకున్నాను, చేయలేదు. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

"నేను నా లెక్క మాట్లాడితే ముస్లిం లెక్క లేదంటున్నడు అక్కా," అన్నాడు. "మరి నేనెవరి లెక్క ఉన్న?"

నేను వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

పద్యం ఎవరి నోట

అంతటితో అయిపోయిందనుకున్నాను. సినిమా ముక్కలు ముక్కలుగా మా దగ్గరికి వస్తుంది, పద్యం ఉన్న ముక్క ఆఖర్న వచ్చింది. బొమ్మ వేశారు. మేడ మీద మండలి నిండుగా ఉంది. హీరో లేచాడు. హీరో అంటే ఆ మండలిలో ఇంకో కవి, అందగాడు. లేచి దస్తగిరి సార్ పద్యం చదివాడు. తన పద్యంలాగే చదివాడు. మూలన కూర్చున్న దస్తగిరి సార్ చప్పట్లు కొట్టి వహ్వా అన్నారు.

నేను రెండోసారి వేయించుకుని చూశాను. మూడోసారి కూడా. ఇది దస్తగిరి సార్ రాసింది కదా అన్నాను. అవును మేడమ్ అన్నాడు దర్శకుడు. మరి ఈయనెందుకు చదువుతున్నాడు? దానికి వచ్చిన జవాబు ఇప్పుడు తలుచుకున్నా నాకు నిద్ర పట్టదు. సినిమా అంతా నిమ్కీ హమ్కీ అన్న మనిషి నోట అంత చక్కటి పద్యం వస్తే ఎవరు నమ్ముతారు మేడమ్, అందుకే మార్చాం అన్నాడు.

అర్థమైందా మీకు? ముందు ఆయన మాట వంకర చేశారు. మాట వంకరగా ఉంది గనక పద్యం ఆయనది కాదన్నారు. ఎవరో కక్ష గట్టి చేసి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఈ కుర్రాడికి ఆ పద్యం వింటే నిజంగానే కళ్ళు చెమ్మగిల్లేవి, నేను చూశాను. దస్తగిరి సారే రాశారని తెలుసు. అయినా చేతులారా తీసి ఇంకొకరి నోట్లో పెట్టాడు, దానివల్ల ఏం జరిగిందో ఆ అబ్బాయికి కనపడలేదు. అదే మండలిలో కథలు రాసిన ఒకావిడ సినిమాలో అందరికీ చాయ్ అందిస్తూ తిరిగే ఇల్లాలైందని అప్పుడు గమనించాను. పోస్టర్ మీద మాత్రం అందరి మొహాలూ ఉన్నాయి.

టీచరుగారు వచ్చిన రోజు

ఆ సీన్‌కి గుంపు గొంతులు చెప్పించే రోజు. యాకూబ్ కూడా వచ్చాడు, పిల్లల ఫీజులు కట్టాలి మరి. మిగతావాళ్ళతో పాటు నిలబడి హీరో పద్యానికి భళా భళా అంటున్నాడు. అప్పుడు తలుపు తెరుచుకుని నూర్జహాన్ టీచర్ వచ్చారు. దర్శకుడే కారు పంపి పిలిపించాడు. శాలువా తెప్పించి పెట్టాడు. వెనకే ఇద్దరు కెమెరాలు పట్టుకుని వచ్చారు. తండ్రిని తెర మీద చూసి కూతురు కన్నీళ్ళు పెట్టుకుంటుంటే తీసి, ప్రచారానికి వాడుకోవాలని.

ముందు నాకు చెప్పి ఉంటే ఆవిణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసేదాన్ని. అప్పటికే కూర్చోబెట్టేశారు. లైట్లు తీసేశారు.

హీరో పద్యం చదివాడు. సుబ్బారావు గొంతులో దస్తగిరి సార్, "వహ్వా భాయ్, నిమ్కీ పద్యం హమ్కీ దిల్ ఖుష్ అయిపోయినాది," అన్నారు. లైట్లు వెలిగాయి. కెమెరాలు ఆవిడ మొహానికి దగ్గరగా వచ్చాయి. మొహంలో ఏమీ లేదు. ఆ టోపీ పెట్టుకున్నాయన ఎవరు అని అడిగారు. మీ నాన్నగారే అమ్మా అన్నాడు దర్శకుడు. పద్యం చదివినాయన ఎవరు అని అడిగారు. హీరో అన్నాడు.

"మరి మా నాయన రాసిన పద్యానికి మా నాయననే వహ్వా అంటున్నడా బిడ్డా?"

దర్శకుడు నాకు చెప్పిందే ఆవిడకీ చెప్పాడు, ఇంకా మెత్తగా. చివర్లో మీ నాన్నగారి పేరు పెద్ద అక్షరాలతో వేస్తాం, పద్యం ఆయనదేనని రాస్తాం అన్నాడు. ఆవిడ పూర్తిగా విన్నారు. శాలువా మడత పెట్టి పక్క కుర్చీలో పెట్టారు.

"పద్యం తీసెయ్ బిడ్డా," అన్నారు. "ఆయన నోట రానిది ఎవరి నోట రావద్దు. పేరు సుత తీసెయ్."

పక్కకి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అమ్మా, పేరు తీసేస్తే ఇంక ఆయన ఎక్కడా ఉండరు, కోపంలో అనకండి, ఒక్కసారి ఆలోచించండి అని గుసగుసగా బతిమాలాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఇప్పుడున్నడా?" అని అడిగారు. నేను చెయ్యి వదిలేశాను.

గోల జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. అదే నన్ను ఇంకా నివ్వెరపోయేలా చేసింది. దర్శకుడు బాధపడ్డాడు, నిజంగానే. ఆ సాయంత్రానికి ఇంకో పద్యం రాయించారు. హీరో పెదవులకు అతికేలా అక్షరాలు సర్దించారు. షేక్ దస్తగిరి పేరు కరీం భాయ్ అయింది. సినిమా ఎక్కడా కుంటుపడలేదు. దస్తగిరి సార్ పోయినా ఆ సినిమాకి ఏ లోటూ రాలేదు, అంటే ముందునుంచీ ఆయన అందులో లేరన్నమాట. సినిమా విడుదలయ్యాక అన్ని వర్గాలకూ చోటిచ్చిన సినిమా అని టీవీలో మెచ్చుకున్నారు. నేను టీవీ కట్టేశాను. ఆ తర్వాత ఇంకో సినిమా ఒప్పుకోలేదు.

మీకు చెప్పేది

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది కాస్తే. ఎవరైనా నేచురల్‌గా కావాలి అంటే, ఎవరిని విని అంటున్నారో అడగండి. నూటికి తొంభై మంది ఇంకో సినిమాని విని అంటారు. మీ సొంత మాటని వంకర చేయమంటే ఎందుకో అడగండి. పని పోతుందేమో, పోవచ్చు, యాకూబ్‌కి ఆ పాత్ర పోయింది. వాడు ఇప్పుడు పుస్తకాలు చదివి వినిపించే ఒక చోట పనిచేస్తున్నాడు, అక్కడ తప్పులు పోయించమని ఎవరూ అడగరట. దర్శకుడు మంచివాడు గదా అని నమ్మి ఊరుకోకండి. మంచివాళ్ళు చేసేది ఆపడం ఇంకా కష్టం, వాళ్ళకి కోపం కూడా రాదు.

మొన్న మల్కాజ్‌గిరి వెళ్ళినప్పుడు టీచరుగారిని భయపడుతూనే అడిగాను, ఆ సినిమా చూశారా అని. చూశారట. పక్కింటివాళ్ళు వెళ్తుంటే కూడా వెళ్ళారట. హాల్లో పక్క సీట్లో ఒకావిడ పరిచయమైంది. విరామంలో ఇద్దరూ మాట్లాడుకున్నారు, సినిమా అయ్యాక కూడా మెట్లు దిగుతూ మాట్లాడుకున్నారు. టీచరుగారి పేరు తెలిశాక ఆవిడ ఆశ్చర్యపోయిందట. ఆ కరీం భాయ్‌ని చూస్తే నవ్వొచ్చింది గానీ, మీరు మాత్రం ఇంత చక్కటి తెలుగు ఎలా మాట్లాడుతున్నారండీ, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగిందట.

మీరేమన్నారు అని అడిగాను.

"మా నాయన దగ్గర నేర్చుకున్ననని చెప్పిన," అన్నారు టీచరుగారు. "ఆయన పేరేందని అడుగుతదేమో అని ఆగి చూసిన. అడగలే."